ఢిల్లేశ్వరరావు బండి ఏ రంగు?

ఢిల్లేశ్వరరావు బండి ఏ రంగని ఎవరైనా అడిగితే, ఏ ఏడాది సంగతని మనం ఎదురు అడగాలి. జీడిపిక్కలు అమ్మి డబ్బు చేతికి రాగానే ఉద్దానంలో ఒకరు ఇంటికి సున్నం వేయించుకుంటారు, ఇంకొకరు పళ్లు కట్టించుకుంటారు. ఈయన మాత్రం తన పదిహేడేళ్ల మోటారు సైకిలుకి కొత్త రంగు వేయిస్తాడు. నలుపు బండి నీలమైంది. నీలం ఎరుపైంది. ఆపైన పసుపు, చిలకాకుపచ్చ అయ్యి, ఇప్పుడు గులాబీ రంగు దగ్గరికొచ్చి ఆగింది. అక్కుపల్లి పక్కన ఆయనుండే ఊళ్లో జనం కాలం లెక్క కూడా దాని మీదే పెట్టుకున్నారు. పక్కింటి నీలిమ ఎప్పుడు పుట్టిందని వాళ్ల నాయనమ్మని అడిగితే, "ఢిల్లీ బండి నీలంగున్నప్పుడు" అంటుంది. బళ్లో చేర్చుకునేటప్పుడు పంతులమ్మ అదే రాసుకుని, తర్వాత తారీఖు కనుక్కుందట.

రంగు వేయించి తెచ్చిన రోజున ఆయన వాలకం చూసి తీరాలి. బండి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ట్యాంకు మీద బొటనవేలితో రుద్దుతాడు. పెళ్లికొడుకు తరఫు వాళ్లు భోజనానికి వంక పెట్టినట్టు పెదవి విరుస్తాడు. "ఆ కళ రానేదు. పైయేడు సూద్దాం" అంటాడు.

ఒక ఏడాది వానల్లో రంగు ఆరకపోతే, పెయింటర్ కార్తికేయ చేత ఆ ట్యాంకుని పలాసలో తెలిసినవాళ్ల ఫ్యాక్టరీలో జీడిపప్పు ఆరబెట్టే గదిలో పెట్టించాడు. ట్యాంకు గంటలో ఆరింది. ఫ్యాక్టరీ యజమాని మాత్రం మూడు రోజులపాటు రంగు వాసన పట్టిన పప్పు నోట్లో వేసుకోవడం, ఉమ్మేయడం, మళ్లీ వేసుకోవడం. దానికీ ఈయన తీర్పు అదే. పైయేడు సూద్దాం.

ఈ మాట వింటే ఒళ్లు మండే మనిషి ఒకడున్నాడు. ఢిల్లేశ్వరరావు బావమరిది యుగంధర్. టెక్కలిలో కొత్త బళ్ల షోరూములో సేల్స్‌మన్. పాత బండికి రంగు వేయించడమంటే అతని దృష్టిలో తనకి అన్నం పెట్టే వృత్తికి ద్రోహం. అంతకంటే ఎక్కువగా, ఎందుకు వేయిస్తున్నాడో తెలియకపోవడం అతన్ని పంటిలో ఇరుక్కున్న పీచులా వేధించేది.

"బావా, ఇది అమ్మితే పదివేలు రావు. రంగుకి ఏడువేలు పోత్తన్నావు. ఏ రకంగా గిట్టుబాటు సెప్పు."

"నీకెన్నేళ్లురా?"

"ముప్పై ఎనిమిది."

"తలకి నెలనెలా రంగేత్తన్నావు కదా. తల రేటేటైనా పెరిగినాదా?"

యుగంధర్ బండెక్కి టెక్కలి బయల్దేరాడు. దారిలో రెండుసార్లు అద్దంలో తల మాత్రం చూసుకున్నాడు.

బండి చిలకాకుపచ్చగా ఉన్న రోజుల్లో కాశీబుగ్గలో పోలీసు ఆపాడు. "ఆర్సీలో నలుపని ఉంది. ఇదేంటి?"

"లోపల నలుపేనండి బాబూ. కావాలంటే గోకి సూడండి."

ఆ కానిస్టేబులు కూడా అలాంటివాడే. తాళంచెవితో నిజంగానే గోకాడు. ముందు పసుపు వచ్చింది. ఇంకాస్త గోకితే ఎరుపు. ఆ తర్వాత నీలం. ఎండ నెత్తికెక్కింది. "నలుపు రావడానికి ఇంకా ఎంతసేపు పడుతుందయ్యా?" అని నీరసంగా అడిగి, చేయి నొప్పి పుట్టి పొమ్మన్నాడు.

గులాబీ రంగు వేయించిన రెండో రోజునే పూండిలో పెళ్లి. భోజనాలయ్యాక బయటికొచ్చి, బండి పోయిందని ఢిల్లేశ్వరరావు గోల పెట్టాడు. బంధువులు ఎంగిలి చేతులతో రైల్వే స్టేషన్ దాకా చిలకాకుపచ్చ బండి కోసం గాలించారు. భార్య ప్రసన్నలక్ష్మి వచ్చి, "మీరు ఆనుకుని నిలబడ్డది ఏటి?" అంది. ఆయన వెనక్కి తిరిగి చూసి, "ఇది ఎవురో ఆడపిల్లది" అన్నాడు.

మళ్లీ పిక్కల కాలం వచ్చి మొగుడు ఇంకో రంగు మాటెత్తిన రాత్రే, ప్రసన్నలక్ష్మి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరే యుగంధరా, నలుగుర్లో తలెత్తుకోనేకపోతన్నాను. సోమారం, గురువారం పనులన్నీ మానుకుని పలాస ఎల్లి రంగులు సూత్తాడు. వారానికి రెండుసార్లు సూసినన్ని రంగులు లోకంలో ఉన్నాయేటి? ఆ బండి ఎలాగైనా మార్పించీ."

షోరూములో ఎక్స్‌ఛేంజ్ మేళా నడుస్తోంది. యుగంధర్ టార్గెట్‌కి ఒక్క బండి తక్కువ. దేవుడు అక్క నోటితో పలికాడనుకున్నాడు. పాత బండి ఒకసారి షోరూము చేరితే విడిభాగాల కింద పోతుంది, బావ రంగు వేయించుకోవడానికి మడ్‌గార్డు కూడా మిగలదు.

సందు కూడా దానంతటదే దొరికింది. ఒక ఆదివారం ఢిల్లేశ్వరరావు కొబ్బరితోటలో కాలు బెణికించుకున్నాడు. బావమరిదిని ఆయనే పిలిపించాడు. "రేపు పొద్దున్నే బండి పలాస తీసుకెల్లు. పూండి రైలు గేటు కాడ టీకొట్టు దగ్గర ఒకసారి ఆపు. మరేటీ అడక్కు."

యుగంధర్ తాళంచెవి అందుకున్నాడు. ప్రసన్నలక్ష్మి ఆర్సీ తెచ్చి, మొగుడు చూడకుండా తమ్ముడి సంచిలో దోపింది.

మర్నాడు పూండి గేటు దగ్గర ఆపీ ఆపగానే, టీకొట్టు బల్ల మీంచి ఒక ముసలామె లేచింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, అడగకుండా వచ్చి వెనకాల కూర్చుంది.

"బేగి పోనీ ఢిల్లీ. ఇయ్యేల ఆలీసమైపోనాది."

యుగంధర్ హెల్మెట్ తీశాడు. "నాను ఢిల్లీని కాదు అత్తా. ఆయన బామ్మర్దిని."

"ఎవురైతే ఏటి, బండి అదే కదా. పోనీ."

ఆమె పేరు ఎర్రమ్మ. పేరు అడిగేలోగానే రైలు కట్ట దాటించేసింది.

"ఎక్కడికత్తా?"

"ఆసుపత్రికి. సోమారం, గురువారం మిసను మీద నాలుగ్గంటలు పడుకోవాల, రక్తం సుబ్బరం సేత్తారు. పోయినప్పుడు ఆటో ఎక్కీగలను. వచ్చినప్పుడే ఒళ్లు తూలిపోతాది. అందుకే ఢిల్లీ తువ్వాలుతో నన్ను ఆడి నడుంకి కట్టుకుని తెత్తాడు, పిక్కల బస్తానాగ."

యుగంధర్ బండి నెమ్మది చేశాడు. "మరి ఇంట్లో రంగులు సూడ్డానికని సెప్తాడే."

"నానే అలగ సెప్పమన్నాను. నా జబ్బు మాట ఊర్లో తిరగడం నాకిట్టం నేదు. అయినా అబద్దమేటి? రంగులే సూత్తాం. ఈయేడు ఎంచడం నాది."

ఆ చివరి మాట ఆమె గ్రామ సర్పంచు పదవి వచ్చినంత దర్జాగా అంది.

"రంగు నువ్వు ఎంచడమేటత్తా?"

"ముందు మా నూకయ్యన్నని ఇదే మిసనుకి తీసుకెల్లీవోడు. నెల తిరిగీసరికి ఆయన నాను రాననీసాడు. బతిమాలితే ఇనడు, తిడితే ఇనడు. ఢిల్లీ ఏటన్నాడు? సరే, రావొద్దు, బండికి రంగేయిత్తన్నాను, అదొక్కటి ఎంచీసి ఇంట్లో కూకో అన్నాడు. నీలం అన్నాడాయన. ఏసినాక సూడ్డానికొచ్చి, మా వల నీలం ఇదేనేటి అని తగువాడాడు. అయితే పైయేడు సూద్దాం అన్నాడు ఢిల్లీ. తగువు తీరాలంటే పైయేడు దాకా ఉండాల కదా మరి."

"ఉన్నాడా?"

"మూడు రంగులు సూసాడు. ఒక్క రంగు కూడా సూడడనుకున్నారు ఇంట్లోవోల్లు." ఎర్రమ్మ జారిన కొంగు భుజం మీదికి లాక్కుంది. మళ్లీ తనే అందుకుంది. "ఆకుపచ్చ, గులాబీ లక్ష్మమ్మవి, ఆయన తరవాత ఈ బండెక్కినామె. ఇప్పుడు ఇశాపట్నంలో కూతురింటి కాడ ఉండి సేయించుకుంటంది. ఫోన్లో గులాబీ సూసి, మరీ లేతగుంది, పైయేడు మార్పించమందట. నానొప్పుకోనేదు. ఈయేడు నాది."

యుగంధర్‌కి సిగ్గేసింది. సంచిలో ఆర్సీ ఉంది. ఈ బండిని విడగొట్టే చోటికి తీసుకెళ్తూ, రంగు ఎంచుకునే మనిషిని వెనకాల కూర్చోబెట్టుకున్నాడు.

ఆసుపత్రి దగ్గర దిగి, "నాలుగ్గంటలాగి రా. రంగు ఆలోసించి ఉంచుతాను" అని ఎర్రమ్మ లోపలికి వెళ్లింది. యుగంధర్ వేపచెట్టు కింద కూర్చున్నాడు. షోరూము నుంచి మేనేజర్ ఫోన్.

"బండి తెస్తున్నావా?"

"పార్టీకి ఇంకా రంగు తేలలేదు సార్."

"పాత బండికి రంగు తేలడమేంటయ్యా?"

"అదే నేనూ ఆరేళ్లుగా అడుగుతున్నాను సార్" అని పెట్టేశాడు. టార్గెట్ అక్కడితో పోయింది. కార్తికేయ కొట్టుకి నడిచి వెళ్లి, రంగుల అట్ట అడిగి తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం ఎర్రమ్మని తువ్వాలుతో నడుంకి కట్టుకుని, గుంటలు తప్పిస్తూ పూండి తెచ్చాడు. దిగేటప్పుడు ఆమె అట్ట వైపు చూడనైనా లేదు. "వంకాయ రంగు" అంది. "రెండు పూతలు ఎయ్యమను."

ఇంటికొచ్చేసరికి ప్రసన్నలక్ష్మి వీధి గుమ్మంలోనే కాచుకుని ఉంది. గులాబీ బండి చూసి ముఖం మాడ్చుకుంది.

"మారనేదేటిరా?"

"ఈ రంగు సూసి రేటు కట్టనేమన్నారక్కా. ఓసారి రంగేయించి, పైయేడు సూద్దాం."

ప్రసన్నలక్ష్మి తమ్ముణ్ని ఎగాదిగా చూసింది. ఈ రోగం అంటుకునేదని తనకి తెలియదంటూ లోపలికి పోయింది.

మంచం మీద, వాచిన కాలు దిండు పైన పెట్టుకుని, ఢిల్లేశ్వరరావు గుమ్మంలో మాటలన్నీ విన్నాడు. భార్య వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"ఏ రంగంది?"

"వంకాయ."

ఆయన కాలి నొప్పి మర్చిపోయి లేచి కూర్చున్నాడు. "లేత వంకాయా, ముదర వంకాయా?"

యుగంధర్ రంగుల అట్ట తీసి, రెండింటి మీదా వేలు పెట్టి చూశాడు. దారి పొడుగునా ఇన్ని అడిగాడు, ఆ ఒక్కటీ అడగలేదు.

"గురువారం కనుక్కుంటాను బావా."