కేంపు దిబ్బ మీద విస్తరి

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా డెల్టా దోమల్ని తట్టుకుని రాత్రంతా చెట్టు మీద కూర్చోవాలంటే దెయ్యానికైనా ఓపిక చాలదు. నేను చెప్పబోయేది పట్టపగలు, కాలవ గట్టు మీద, పదిమంది చూస్తుండగా జరిగింది.

మా చేలో కేంపు దిబ్బ అని ఒకటుంది. వెనకటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన పరదేశి సైనికుల్ని అక్కడ ముళ్లకంచె వేసి, తాటాకు పాకల్లో ఉంచారట. రుజువేంటని అడిగితే ఊళ్లో ఎవరూ చూపించలేరు. చుట్టూ రొయ్యల చెరువులొచ్చాక పేరూ, కాస్త మెరకా మిగిలాయి. జ్వరంతో పోయిన ఒక ఖైదీని ఆ మెరకలోనే పాతిపెట్టారు. అతని పేరు ఎవరికీ తెలియదు.

మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, అప్పటికి చిన్నపిల్ల. వాళ్లమ్మ ఏటా మహాలయ అమావాస్యకి ఇంటి పెద్దలతో పాటు ఆ ఖైదీకీ దిబ్బ మీద ఓ విస్తరి వేసేది. "ఎవరి కన్నబిడ్డో" అనేదట. ఆవిడ తరవాత మామ్మ వేసింది.

మామ్మ పెద్దకొడుకు, మా పెదనాన్న, మిలటరీలో చేరి, సరిహద్దు యుద్ధానికెళ్లి కనబడకుండా పోయాడు. శవం రాలేదు. శత్రువులకి పట్టుబడి ఏదో కేంపులో ఉన్నాడని మామ్మ నమ్మకం. కర్మ చేయనివ్వలేదు. "మనం ఇక్కడ ఈ పిల్లాడికి పెడితే, అక్కడ మనోడికి ఏ తల్లో పెడుతుంది" అనేది. ఇందులో లాజిక్ ఏంటని నేనెప్పుడూ అడగలేదు. వెటకారానికీ హద్దుంటుంది.

నిరుడు వేసవిలో మామ్మ పోయింది. పదో రోజు గట్టు మీద పిండం పెట్టాం. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు. కొబ్బరిచెట్ల మీద కాకులు బోలెడున్నాయి. ఒక్కటీ దిగలేదు.

నాన్న దణ్ణం పెట్టి ఒక్కో మాటా ఇస్తూ పోయాడు. మా అత్తని, అంటే తన చెల్లెల్ని, చూసుకుంటానన్నాడు. దిబ్బని చెరువు కింద తవ్వించనన్నాడు. కాకులు పట్టించుకోలేదు.

"ఉప్పు వెయ్యలేదేమో" అన్నాను.

"నోర్ముయ్యరా. నీ మొహం చూసే దిగట్లేదు" అన్నాడు బాబాయి.

ఎండ ముదిరింది. నాన్న మళ్లీ దణ్ణం పెట్టాడు. తల్లి తృప్తి లేకుండా పోయిందంటే తట్టుకునే మనిషి కాదు.

పంతులుగారు మెల్లగా అన్నారు. "మీ అన్నగారికి కర్మ ఏదీ జరగలేదు కదండీ. ఆవిడ మనసు అక్కడే ఉండుంటుందండి. ఆయన పేరునా ఓ ముద్ద పెట్టేయండి."

అందరికీ సబబుగానే తోచింది. నాన్న ముద్ద చేసి, అన్న పేరు చెప్పబోయాడు.

చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచి కాలవ దాటి వెళ్లిపోయాయి. ఒక్క అరుపు లేదు. ఎవరూ అదిలించలేదు.

నాన్న చేతిలో ముద్దని కాలవ నీళ్లలో వదిలేశాడు.

"పెట్టనమ్మా. అన్నయ్య వస్తాడు. నేను ఎదురుచూస్తుంటాను. దిబ్బ మీద విస్తరీ నేనే వేస్తాను. నువ్వెళ్లు" అన్నాడు.

ఒక కాకి వచ్చింది. మా అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి మామ్మ పిండం ముట్టింది.

వడగాలికి లేచి ఉంటాయని, ఆకలేసి ఒకటి తిరిగొచ్చి ఉంటుందని నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఏదీ అతకలేదు. ఇప్పటికీ అతకలేదు.

పెదనాన్న ఉంటే ఇప్పుడు డెబ్బై దాటి ఉండాలి. ఇంట్లో గేటు చప్పుడైతే అందరికంటే ముందు నాన్న లేస్తున్నాడు. ఎక్కువసార్లు కుక్కే. అయినా లేస్తాడు.