ఆ తాడు మా అమ్మ పేనింది కాదు

కొబ్బరిపీచు తాడుకి బరువేముంటుంది? పిల్లాడు భుజాన వేసుకుని పరుగెత్తగలడు. కానీ చిన్నప్పుడు నేను తీసిన ఒక తాడుచుట్ట ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉంది. ఇవాళ దింపుతున్నాను. మీరు వినండి చాలు. తీర్పు చెప్పక్కర్లేదు.

ముందు సంతోషం చెప్పనివ్వండి, అది ఆగడం లేదు. నేను బి.ఏ. ప్యాసయ్యాను! మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేనే. విజయనగరం నుంచి రైల్లో వచ్చి, పలాసలో దిగి, ఉద్దానం దారిలో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాను. కొబ్బరిచెట్టు మీదున్నవాడికి కూడా కిందనుంచి అరిచి చెప్పాను.

"అయితే తాసిల్దారు అయిపోనావేటి?" అన్నాడు పైనుంచి.

"ఇంకా లేదు."

"మరైతే పక్కకి జరుగు. కాయ పడతాది."

నవ్వుకుంటూ నడిచాను. వజ్రపుకొత్తూరు దాటి మా వీధి మొదట్లోకి రాగానే ఆ నవ్వు పోయింది. అక్కడ సింహాచలం ఇల్లుంది.

మా ఊరి మిడిల్ స్కూలు మేష్టరుగారికి ఒకటే దిగులుండేది. పిల్లలు బడిలో చదువుతారు, ఇంటికెళితే పుస్తకం తెరవరు. తిట్టారు, కొట్టారు. లాభం లేకపోయింది. ఇళ్లలో పెద్దవాళ్లకు అక్షరం రాదు. ఒక సాయంత్రం మా వీధిలో నడుస్తూ ఆయన చూశారట, ప్రతి అరుగు మీదా ఆడవాళ్లు తాడు పేనుతున్నారు. చేతులకు పనుంది, చెవులు ఖాళీ. మర్నాడే కొత్త ఏర్పాటు చెప్పారు. బడి పెట్టెలోని కథల పుస్తకాల్లో నచ్చింది ఇంటికి తీసుకెళ్లాలి. పైకి చదవాలి. చదివినంతసేపూ ఇంట్లో ఎవరో ఒకరు దానికని వేరే తాడు పేనాలి. చదువు ఆగితే తాడూ ఆగాలి. వేసవి సెలవుల ముందు ఆ చుట్ట బడికి తేవాలి.

పిల్లలకన్నా తల్లులకు పంతం పట్టింది. "ఆ రాకాసి సచ్చిందో లేదో సెప్పకుండా పుత్తకం మూసేత్తావేట్రా, సచ్చినోడా!" అని ఒకావిడ కొడుకుని వీధంతా తరిమింది. పొద్దువాలితే ప్రతి గుమ్మంలోంచీ చదువు వినిపించేది. సముద్రపు హోరు మీద అన్ని చిన్న గొంతులు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మా గుమ్మంలోంచి మాత్రం వినిపించేది కాదు. మా అమ్మ తోటల్లో కాయలు మోసి చీకటిపడే వేళకి వచ్చేది, అందుకని చదవలేకపోయాను అనుకునేవాణ్ణి. అది నిజమా? కాదు. ఆమె వచ్చి, పీచు ముందేసుకుని, "సదువు నాయినా, ఇంటాను" అనేది. నిద్రొస్తోందనేవాణ్ణి. అక్షరాలు కూడబలుక్కోవడం నాకు సిగ్గు. నన్ను గొప్పవాణ్ణనుకునే అమ్మ ముందు తడబడటం మరీ సిగ్గు.

సింహాచలం నాకు వరసకు బావ, పొరుగింటివాడు. బడిలో నోరు విప్పితే నత్తి. ఇంట్లో వాళ్లమ్మకు చదివి వినిపించేటప్పుడు ఆ నత్తి ఏమయ్యేదో! నేను దడి వెనక కూర్చుని వినేవాణ్ణి. మంచి పట్టులో ఆపి, "ఇప్పుడేటవుద్దో నువ్వే సెప్పమ్మా" అనేవాడు. అత్త ఏదో ఊహించేది, తప్పయితే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. వినీ వినీ ఆ కథలు నాకు నోటికొచ్చేశాయి.

ఆ ఏడు టెక్కలి వర్తకుడొకాయన ఒక పిల్లాణ్ణి ఇంట్లో ఉంచుకుని, తిండి పెట్టి, హైస్కూలు చదివిస్తానని మా మేష్టరుగారికి కబురంపాడు. ఇంట్లో ఎక్కువ చదివినవాణ్ణి, అంటే పెద్ద చుట్ట తెచ్చినవాణ్ణి, పంపుతానని మేష్టరుగారు అన్నారు. చుట్టలు తేవలసిన రోజు తెల్లవారుతుండగా సింహాచలం వాళ్ల చూరుకి వేలాడే పెద్ద చుట్ట నేను తీసేశాను. వాడికి ముందురాత్రి పేనిన చిన్న ముక్క మిగిలింది.

బడిలో వాడు నా భుజం మీది చుట్టను చూశాడు. గుర్తుపట్టాడు.

"అ... అది... మా అ... అమ్మ..."

అందరికన్నా ముందు నవ్వింది నేను. "అ, ఆ, ఇ, ఈ కూడా సెప్పు బావా!" అన్నాను. తరగతంతా నవ్వింది.

"ఏమిటి నాయనా?" అని మేష్టరుగారు అడిగారు. వాడు నోరు మూసుకున్నాడు.

తర్వాత ఏం చదివావని ఆయన నన్నడిగారు. వాడి కథలే చెప్పాను. వాడు ఆపిన చోటే ఆపాను. మేష్టరుగారు మురిసిపోయారు. తాడే కాదు, వాడి గొంతు కూడా దొంగిలించాను. వాళ్లమ్మతో వాడేమన్నాడో తెలీదు. నేను టెక్కలి వెళ్లేనాడు మాత్రం ఆవిడే నాకు అటుకులు మూటకట్టి ఇచ్చింది. తిన్నాను. ఎలా తిన్నాను?

టెక్కలిలో బయటపడిపోతానన్న భయంతో చదవడం మొదలెట్టాను. ఆ భయం ఎప్పుడు ఇష్టమైందో తెలీదు. ఇవాళ్టి బి.ఏ. ఆ తాడు కొనకే వేలాడుతోంది.

ఇవాళ సాయంత్రం అదే దడి వెనక ఆగాను. మేష్టరుగారు పోయారు. బడి ఆ ఏర్పాటుని ఎప్పుడో మరిచిపోయింది. కానీ సింహాచలం అరుగు నిండా మిడిల్ స్కూలు పిల్లలు! ఒకడు చదువుతున్నాడు, సింహాచలం తాడు పేనుతున్నాడు. పట్టు వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు. "ఇప్పుడేటవుద్దో సెప్పండ్రా!" నత్తి లేదు. పిల్లలు తలోటీ అరిచారు. "ఇంటికాడ మీ అమ్మలకి సదివి, రేపొచ్చి నాకు సెప్పండి" అని పుస్తకాలు చేతికిచ్చాడు. గుడ్లప్పగించి చూశాను. ఆ పిల్లలు ఇళ్లకు నడవలేదండీ, పరుగెత్తారు. పోయిందనుకున్న వీధి నా కళ్లముందు మళ్లీ లేచింది. దాన్ని లేపింది నేను నోరు మూయించినవాడు.

నన్ను చూసి చేత్తో అరుగు చూపించాడు. కూర్చోలేదు.

"బావా, ఆ చుట్ట నేనే తీశాను. ముందు నవ్విందీ నేనే."

వాడి చేతులు ఆగాయి.

"తె... తె..."

పిల్లల దగ్గర లేని నత్తి నా ముందు వచ్చింది. ఈసారి ఆగాను. వాడి మాట పూర్తయ్యేదాకా ఆగాను.

"తె... తెలుసు."

మళ్లీ పీచు అందుకున్నాడు. ఉండమనలేదు, పొమ్మనలేదు. నన్ను క్షమించమని నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి ఇది రాశాను. మా అమ్మ అరుగు మీద పీచు ముందేసుకుని కూర్చుంది. తన కొడుకు రాసిందేదో వినాలట. ఆమెకు ఇందులో సంగతి తెలీదు. దీపం దగ్గరికి జరుపుకుని మొదటి వాక్యం పైకి చదివాను. నా గొంతు తడబడింది.

అమ్మ తాడు పేనడం మొదలుపెట్టింది.