జపాను కారు దిగబోయి

భూమ్మీద ఇంకా పుట్టని కారు ఒక మనిషి మోకాలు పట్టేసేలా చేయగలదా? ఆలోచించి చెప్పండి, తొందరేం లేదు. చేయలేదంటారా? తప్పు! ఇదిగో, ఈ మోకాలే సాక్ష్యం. నవ్వకండర్రా, నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఈ బట్టలు తర్వాత తీస్తాలే, మొదట్నుంచీ చెప్తాను. మీ తాతయ్యా, పక్క క్వార్టరు అప్పలరాజు గారూ, ఎదురింటి మంగల్ భాయీ, ముగ్గురూ రిటైరైన వాళ్ళే కదా. తాతయ్య ఈ కిరండూల్ నుంచి విశాఖపట్నానికి ఇనుపరాయి రైళ్ళు నడిపారు. మిగతా ఇద్దరూ కొండ మీద గనిలో డంపర్లు తోలారు. ఇప్పుడు తోలడానికేమీ లేదు. రోజూ పొద్దున్నే మన వరండాలో చేరి, ఫోను మధ్యలో పెట్టుకుని ఒకటే చర్చ. జపాను వాళ్ళు ఏదో స్పోర్ట్స్ కారు తెస్తున్నారట. మామూలు వాళ్ళకి అందే ధరట. రెండే తలుపులట. ఎప్పుడొస్తుందో ఆ జపాను వాళ్ళకైనా తెలుసో లేదో! ఫోటో అని చూపిస్తారే, అది ఫోటో కూడా కాదు, ఎవరో కంప్యూటర్లో వేసిన బొమ్మ! దాని కోసం వీళ్ళు కొట్టుకోవడం!

"వెనక చక్రాలకే పవర్. పక్కా!" అంటాడు మంగల్ భాయి.

"చవక బండికి వెనక చక్రాలెక్కడిస్తారయ్యా? ముందువే" అంటారు అప్పలరాజు గారు.

"అదొదిలీండి. లైట్లు లోపలికి ముడుచుకుంటాయా లేదా, అది తేల్చండి" అంటారు తాతయ్య.

అన్నేళ్ళు మూడో తరగతికి ఎక్కాలు చెప్పినదాన్ని, నాకు ఓపిక లేకనా? ఊరుకున్నాను. కానీ మొన్న మంగళవారం తాతయ్య టీ ఊదుకుంటూ నింపాదిగా అన్నారు కదా, "ఇయ్యాల గీదం నుంచి మనిషొస్తాడు. జీపు కొనుక్కుని తీసుకుపోతాడు."

"ఏ జీపు?"

"మనదే. షెడ్డులో ఒక్క బండికే జాగా. రేపా కారొస్తే ఎక్కడెడతావేటి?"

విన్నారా! రాని కారు కోసం ఉన్న జీపు పోవాలి! ఆ జీపు సీటు ఎత్తు. నా మోకాళ్ళు వంగకపోయినా మెట్టు మీద కాలేసి, నిలబడ్డట్టే ఎక్కేస్తాను. మంచం పట్టిన మా చెల్లెల్ని ప్రతి ఆదివారం గీదం వెళ్ళి చూసొస్తున్నానంటే ఆ జీపు పుణ్యమే. అది పోతే? దాని మంచం మీద అది, నా కుర్చీలో నేను!

"మీకేమైనా మతి పోయిందా?" అని గట్టిగానే అరిచాను.

"ఊరికే అరవకే. జపాను వెళ్ళింది మన కొండ ఇనుమే కదా. ఎన్ని వేగన్లు లాగాను! ఆ కారులో నాకూ వాటా ఉంది" అన్నారు.

"ఇదీ పాయింటే!" అని తలూపారు ఆ ఇద్దరూ.

మాటలతో బుర్రకెక్కని వాళ్ళకి బొమ్మ గీసి చూపాలి. బడిలో నా పద్ధతదే. చాక్‌పీసు తెచ్చాను. మంగల్ భాయి ఫోనులో చూసి కొలతలు చెప్తూంటే వరండా గచ్చు మీద కారంత కారు గీశాను. బానెట్టు, తలుపులు, స్టీరింగు, అన్నీ. సీటు నేలకి జానెడు ఎత్తట. వంటింట్లోంచి పీట తెచ్చి సరిగ్గా అక్కడ వేశాను. వేసి ఊరుకుంటే పోయేది. టీచర్ని కదా, చేసి చూపించాలి! గోడ పట్టుకుని, దబ్బున కూలబడి, కాళ్ళు బారజాపాను.

"చూశారా ముగ్గురూ! ఇదీ మీ కారు! ఇప్పుడు ఇందులోంచి లేవడం ఎంత కష్టమో చూపిస్తాను!"

చాలా బాగా చూపించాను. లేవలేకపోయాను! కుడి మోకాలు పట్టేసింది.

సాయం పట్టారనుకున్నారా? "డోరు అటుందే, అటు దిగు! ఆ గీత చెరపకు, అది బానెట్టు!" అంటారు తాతయ్య. "సీటు వెనక్కి జరిగితే దిగొచ్చు మాస్టరమ్మా" అంటారు అప్పలరాజు గారు. పీట వెనక్కెలా జరుగుతుందయ్యా! "భాభీజీ, పహలే బాయా పైర్" అంటూ మంగల్ భాయి తన ఎడమ కాలు ఎత్తి చూపిస్తాడు. నేను తిట్టని తిట్టు లేదు.

సరిగ్గా అప్పుడే జీపు కోసం గీదం మనిషొచ్చాడు. పాపం, గుమ్మంలోనే నిలబడిపోయాడు. చివరికి నలుగురూ కలిసి లేపి, ఆ జీపులోకే ఎక్కించారు. ఆ మనిషే ఆసుపత్రికి తోలాడు.

"ఎలా జరిగిందమ్మా?" అన్నాడు డాక్టరు.

"కారు దిగుతుంటే, బాబూ."

"ఏ కారు?"

"ఇంకా రాలేదు."

డాక్టరు రాయడం ఆపి నా మొహం చూశాడు. ఇంతలో మీ తాతయ్య, "రెండు తలుపుల జపాను కారండి. సీటు మరీ కిందకుంటాదని టాక్" అన్నారు. ఆ డాక్టరు మోకాలొదిలేసి నా కళ్ళలోకి లైటు వేసి చూశాడర్రా! ఈ రోజు తేదీ ఏమిటని అడిగాడు! నన్ను!

కట్టు కట్టించుకుని బయటికొచ్చేసరికి తాతయ్య జీపు తాళం తన జేబులో వేసుకున్నారు. గీదం మనిషిని బస్సెక్కించారు. ఆదివారం చెల్లెలి దగ్గరికి జీపులోనే వెళ్ళొచ్చాను. జరిగింది చెప్తే అది మంచం మీదే పొర్లి పొర్లి నవ్వింది.

అయితే వీళ్ళ చర్చ ఆగిందనుకుంటున్నారా? "కారులో కూర్చుని చూసినదానివి నువ్వొక్కదానివే కదా, కాళ్ళకి చోటెలా ఉందే?" అని అడుగుతున్నారు నన్ను! ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే... బాగానే ఉందని చెప్పాను.

సరే, జరగండి. దండెం మీద బట్టలు సగమే తీశాను.