ఢిల్లీకి రెండుంపావు గంటలు

విశాఖ నుంచి ఢిల్లీకి విమానంలో రెండుంపావు గంటలేనని చూసి, అక్కకి ఫోనులో గొప్పగా చెప్పేశాను, "చీకటి పడేసరికి నీ మంచం పక్కనుంటానే" అని. అక్కకి మర్నాడు పొద్దున అక్కడి ఆస్పత్రిలో గుండె ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లే ముందు నన్నొకసారి చూడాలంది. కొండమీది చింతపల్లి బళ్లో కాలము–దూరము లెక్కలు చెప్పే మాస్టర్ని నేను. నా లెక్కలో ఆకాశమంతా ఉంది గానీ, జీపు లేదు.

మా జీపులు గడియారం చూసి కదలవు, నిండితే కదులుతాయి. నిండేసరికి తొమ్మిదిన్నరయింది. విమానం మూడింటికి, విశాఖకి నాలుగు గంటల దారి. నాకు వెనక అంచున సగం సీటు దొరికింది. మలుపు మలుపుకీ లోయ నా మోకాళ్ల కిందికొచ్చి పలకరించి పోతోంది. అప్పటిదాకా విమానం ఎక్కి ఎరగను. గాల్లో పడాల్సిన భయమంతా నేలమీదే పడుతున్నాను.

కొండ దిగే ఘాట్ రోడ్డు సగంలో ఒక మలుపుంది. ఆ దారిలో ఫోనుకి సిగ్నల్ దొరికేది అక్కడే. ఏ జీపైనా అక్కడ ఆగాలి, అందరూ దిగి తమ వాళ్లతో మాట్లాడుకున్నాకే కదలాలి.

"ఇవాళ్టికి ఆపకయ్యా, విమానం పోతుంది," అని డ్రైవర్ని బతిమాలాను.

"ఇమానం పోతే రేపింకోటి వత్తాది మాస్టారూ. ఈ మామ్మ కూతురితో మాట్లాడేది వారానికోపాలే," అని బండి ఆపేశాడు.

మిరియాల మూటతో నా పక్కన కూర్చున్న ఆ ముసలమ్మ దిగుతూ, "ఏటి బాబూ ఆ తొందర? నువ్వు బేగి ఎల్తే కొండ తరిగిపోద్దేటి?" అంది. పళ్లు నూరుకున్నాను.

అప్పుడే నా ఫోను మోగింది. అక్క.

"ఎక్కడున్నావురా? ఇవాళే చేసేస్తారట. ఇప్పుడే తీసుకెళ్తున్నారు."

"ఎయిర్‌పోర్టుకొచ్చేశానే," అన్నాను.

నా వెనక నుంచి ముసలమ్మ ఫోనులో అరిచింది: "గుంటా, మేకకి మేతేసినావేటే?"

"ఎయిర్‌పోర్టులో మేకలు కూడానా?" అక్క సన్నగా నవ్వింది. తర్వాత, "భయంగా ఉందిరా," అంది.

"నాకూనే," అన్నాను. ఆ పొద్దున నేనన్న మొదటి నిజం అదే. ఎవరో హిందీలో ఏదో అన్నారు. ఫోను ఆగిపోయింది.

అందరి మాటలూ అయిపోయాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. అంతసేపూ తొందరపెట్టిన నాకు ఇప్పుడు అడుగు పడలేదు. ఇక్కణ్నుంచి కదిలితే, కొండ దిగేదాకా ఏ కబురూ అందదు. "ఇంకొక్క అయిదు నిమిషాలు," అన్నాను. ఎందుకో చెప్పేసరికి డ్రైవరు ఇంజను ఆపేశాడు. విసుక్కున్నవాళ్లు లేరు.

ముసలమ్మే నా మోచెయ్యి పట్టుకుంది. "మీ అక్క కళ్లు తెరిసేసరికి నువ్వు ఈ మలుపులోనే ఉంటావేటి? ఎక్కు బాబూ."

ఎక్కాను. తను లోపలికి జరిగి నాకు సీటంతా ఇచ్చింది. బండి కిందికి దిగుతుంటే, ఫోను మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోవడం చూస్తూ కూర్చున్నాను.