కింది మీట

పాత క్రోనోగ్రాఫ్ చేతిగడియారాలంటే నాకు పిచ్చి. మామూలు వాచీలోనే పరుగుపందెం టైము చూసే ఏర్పాటు ఉంటుంది వీటికి. పక్కన రెండు మీటలు. పైది నొక్కితే సన్నటి పొడుగు ముల్లు కదులుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కిందిది నొక్కితే సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. వీటికోసం గద్వాల అనక, నాగర్‌కర్నూల్ అనక తిరుగుతాను, చిన్నాచితకా రిపేర్లు నేనే చేస్తాను. "గిన్ని వాచీలున్నయి, తిండికి మాత్రం టైముకు రారు" అని మా ఆవిడ ఎత్తిపొడుపు.

మొన్న వానాకాలంలో తెలకపల్లి నుంచి ఒకామె వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. బడిలో ఆటల టీచరట. చేతిరుమాలు విప్పి గడియారం బల్లమీద పెట్టింది. "మా నాయినది సార్. అద్దం వదులైంది. జర..."

ఆమె మాట పూర్తిగా వింటేగా! నల్ల డయలు, ఎక్కడా మెరుగు పెట్టించని కేసు. ఇలాంటిది ఒక్కటి దొరకాలని ఏళ్లుగా కొట్టుకుంటున్నాను. లటుక్కున అందుకున్నాను. ఏ క్రోనోగ్రాఫ్ చేతికొచ్చినా ముందు ముల్లు సున్నాకు సరిగ్గా వస్తుందా అని చూడటం మాలాంటి వాళ్లకు అలవాటు. పాపిష్టి బొటనవేలు, కింది మీట నొక్కేసింది. ముల్లు టక్కున వచ్చింది. "అబ్బ, భేష్!" అన్నాను కూడా.

ఆమె ముఖం చూసి గడియారం మళ్లీ బల్లమీద పెట్టేశాను.

"నొక్కిన్రా సార్?" అంది. "నాగర్‌కర్నూల్ గ్రౌండుల నేను ఉరుకుతుంటె మా నాయిన ఆపిన ముల్లు అది. అదే ఆకరు. ఆ నెలల్నే పోయిండు. అప్పటిసంది ఎవ్వరం ముట్టలే. బజార్ల ఇస్తె మీటలు నొక్కుతరని భయమై, మీకైతే ఎరికుంటదని తెచ్చిన."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు ఊరుకుంటేనా! "యాడ ఆగిందో చెప్పమ్మా, మల్ల ఆడనే ఆపుత" అన్నాను.

"యాడుండెనో నాకు ఎరికే సార్. ఆపింది మా నాయిన. మీరెట్ల ఆపుతరు?"

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. రుమాలు మడిచి సంచిలో పెట్టుకుంది. గడియారాన్ని నా వైపే జరిపింది.

"గిప్పుడు ఇది ఉత్త వాచే గద సార్. మీకు ఇష్టమున్నట్టుంది. ఉంచుకోండ్రి."

వద్దమ్మా, తీసుకపో అనాలి. అనేలోపే గేటు చప్పుడైంది. నిజం చెప్పాలంటే, నా చెయ్యి అప్పటికే దానిమీద ఉంది.