కనిగిరి ఎర్రనేల మీద రెండు విజిళ్ళు

రిఫరీ పరీక్ష పాసయిన ఆరు నెలలకే, నాతో కలిసి కోర్టులో నిలబడేది లేదని ఇద్దరు సీనియర్లు చెప్పేశారు. ఒకాయన ఊదిన ఫౌలుని అందరి ముందూ "అది ఫౌలెట్లా అవుతుందండీ?" అని నిలదీశాను. రెండో ఆయనతోనూ అంతే. బాస్కెట్‌బాల్‌కి ఇద్దరు రిఫరీలు కావాలి. జత దొరక్కపోతే ఇక విజిల్ మేకుకి తగిలించుకోవడమే. కనిగిరిలో నాలుగు జట్ల పోటీకి దేవసహాయం మాస్టారు ఒక్కరే నాతో రావడానికి ఒప్పుకున్నారు. శనివారం సెమీఫైనల్లో నా పని చూసి, ఆదివారం ఫైనల్‌కి నన్ను ఉంచాలో పంపాలో ఆయనే తేలుస్తారు. పంపేస్తే మళ్ళీ నన్నెవరూ పిలవరు.

శనివారం పొద్దున అయిదున్నరకి విజయవాడలో పాసింజరు ఎక్కాను. తాడేపల్లి దాటేలోపే గొడవపడి కిటికీ పక్క సీటు సంపాదించాను. ఎనిమిదింపావుకి వేటపాలెంలో మాస్టారు ఎక్కారు. మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు, యాభై దాటిన మనిషి. ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటు, చేతిలో జీడిపప్పు పొట్లం.

"రూల్ బుక్కు చదివావా బాబూ?"

"కంఠతా వచ్చండి."

"మంచిది. పప్పు తిను."

పదింటికి ఒంగోల్లో దిగాం. కనిగిరి వెళ్ళేవాళ్ళు ఇక్కడే కడుపు నింపుకోండి, దారిలో పొదిలి దగ్గర టీ తప్ప మాకేమీ దొరకలేదు. మా బస్సు టాపు మీద మిరపకాయల బస్తాలు వేశారు. గాలి తిరిగినప్పుడల్లా బస్సంతా తుమ్ములే. పక్కనున్న పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నన్ను ఆరా తీసింది.

"బంతి బుట్టలో వేస్తావా?"

"నేను వెయ్యనండీ. విజిలు ఊదుతాను."

"ఓస్, కండక్టరువా!"

మాస్టారు పడీపడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

రెండింటికి కనిగిరి చేరాం. బస ఆట జరిగే స్కూలు గదిలోనే, రెండు నులక మంచాలు. కోర్టు మాత్రం నేను చూసిన సిమెంటు కోర్టుల్లాంటిది కాదు. ఎర్రమట్టి దిమ్మిస కొట్టి సున్నంతో గీతలు గీశారు. పైన సన్నటి గరుసు పొడిపొడిగా లేస్తోంది.

నాలుగింటికి కనిగిరికీ ఒంగోలుకీ సెమీఫైనల్ మొదలైంది. రిఫరీలకి ఒక పద్ధతుంది: ఫౌలు వస్తే తప్ప చోట్లు మార్చుకోరు. కనిగిరి వాళ్ళు బంతి వేసే బుట్ట కింద నేను, ఒంగోలు వాళ్ళు వేసే బుట్ట కింద మాస్టారు. కనిగిరి కుర్రాడు పరిగెత్తుకొచ్చి బంతి పట్టుకుని ఆగాడు. కాలు జానెడు జారింది. బంతితో అడుగు కదిలితే తప్పు కదా, ఊదాను. మళ్ళీ జారారు, మళ్ళీ ఊదాను. అలా అయిదుసార్లు బంతి ఒంగోలుకి ఇచ్చాను. అవతల ఒంగోలు వాళ్ళూ జారుతున్నారు, మాస్టారు ఊదడం లేదు.

"ఒరేయ్, ఈ ఇద్దరూ రెండు బళ్ళల్లో చదివొచ్చార్రా!" అని గోడ మీంచి ఎవరో అరిచారు. అందరూ ఒకటే నవ్వు.

సగం ఆట అయ్యాక మాస్టారి మీద విరుచుకుపడ్డాను. "మీరెందుకు వదిలేస్తున్నారండీ? రూలు రూలే కదా!"

ఆయన బంతి నా చేతిలో పెట్టారు. "పరిగెత్తి ఆ గీత దగ్గర ఆగు."

పరిగెత్తాను. గీత దాటి మూరెడు జారి, మోకాలు కొట్టుకుపోయింది. జనం ఈలలు.

"అది అడుగు వెయ్యడమా, నేల లాగడమా?" అన్నారు మాస్టారు.

మోకాలి మట్టి దులుపుకున్నాను గానీ ఊరుకోబుద్ధి కాలేదు. "మరి మీ బుట్ట కింద ఒకళ్ళ నడుం మీద ఒకళ్ళు చెయ్యేసి తోస్తుంటే వదిలేస్తున్నారు. అది నేల తప్పు కాదుగా?"

ఆయన చెమట తుడుచుకున్నారు. "నిజమే. దగ్గరికి ఉరకలేక వదిలేస్తన్నా. ఇక ఊదుతా."

ఇద్దరు కెప్టెన్లనీ పిలిచాం. జారితే వదిలేస్తాం, కాలెత్తి వేస్తే ఊదుతాం, నడుం మీద చెయ్యేస్తే ఎవరైనా ఫౌలే అని చెప్పాం. కనిగిరి కెప్టెన్ రమణయ్య నా ముఖంలోకి చూశాడు. "మా అయిదు బంతులు పోయినయ్యి గదండీ?"

"పోయాయి. తప్పు నాదే. తిరిగివ్వలేను. ఇక ఇద్దరికీ ఒకటే."

చివరి నిమిషంలో కనిగిరి ఒక పాయింటు ముందుంది. చోట్లు మారి ఒంగోలు వాళ్ళు వేసే బుట్ట కింద నేనున్నాను. ఒంగోలు కుర్రాడు దూసుకొచ్చి ఆగాడు, జానెడు జారాడు, వేశాడు. విజిల్ పళ్ళ మధ్యే ఉంది. ఊదలేదు. బంతి బుట్టలో పడింది. ఒంగోలు ఒక పాయింటుతో గెలిచి ఆట అయిపోయింది.

ఒకాయన కోర్టులోకొచ్చి నా కాలరు పట్టుకున్నాడు. "మావోడు జారితే ఊదావు, ఆడు జారితే నోట్లో ఏం పెట్టుకున్నావురా?" కాలరు పర్రున చిరిగింది. నా చెయ్యి లేచింది. ఈలోగా మాస్టారు రొప్పుకుంటూ వచ్చి నా భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. "నేనూ ఊదలేదయ్యా. తిడితే ఇద్దర్నీ తిట్టు."

"ముందే చెప్పారు బాబాయ్, వదులు," అని రమణయ్య అతన్ని లాక్కుపోయాడు. మాస్టారికి చెయ్యి కలిపాడు, నాకు కలపలేదు.

స్కోరు బల్ల దగ్గర మాస్టారు ఫైనల్ కాగితం తీసి తన పేరు రాశారు. దాని కింద నా పేరు.

"కాలరు చిరిగినా మాట మార్చలేదుగా," అన్నారు. "చొక్కా కుట్టించుకో."

ఆదివారం ఆయన చర్చికి వెళ్ళొచ్చాక నాలుగింటికి ఫైనల్. నడుం మీద చెయ్యి పడ్డప్పుడల్లా మాస్టారు ఉరికెళ్ళి ఊదారు. ఆట అయ్యాక జనం గెలిచినవాళ్ళని ఎత్తుకుని వెళ్ళిపోయారు, మమ్మల్నెవరూ పట్టించుకోలేదు. అంత హాయి నాకు ఏ ఆటలోనూ కలగలేదు.

సోమవారం పొద్దున ఆరున్నరకి ఒంగోలు బస్సు. కనిగిరి నేల గట్టిది, ఎండ గట్టిది, నోళ్ళు ఇంకా గట్టివి. అయినా నాకు నచ్చింది. స్టాండు దాటాక రమణయ్య ఎక్కి మా సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"వచ్చే నెల పొదిల్లో ఆడతన్నాం. వస్తారా?" అన్నాడు చివరికి.

"పిలిస్తే వస్తాను."

"ఆయనతో కలిసి రాండి. ఒక్కరే అయితే వద్దు."

పది రోజుల కిందట ఆ మాట ఎవరన్నా అని ఉంటే బస్సు ఆపించేవాణ్ణి. మాస్టారి వైపు తిరిగాను.

"మీకు కుదురుతుందాండీ?"