ఉడికిన నిమ్మకాయ

మొన్న ఆదివారం మా మేనకోడలు కొత్తగా కొన్న కరెంటు స్కూటరు చూపించాలని కర్నూలులో మా ఇంటికి వచ్చింది. పెట్రోలు అక్కర్లేదు, చప్పుడు లేదు, తన్నడానికి కిక్కు లేదు, వచ్చి వాకిట్లో ఆగేదాకా బండి వచ్చిందని మాకు తెలియనే లేదు. నా వయసు వాళ్ళెవరైనా కొత్త బండి చూస్తే ధర అడుగుతారు, లేదా రంగు బాగుందంటారు. నేను మాత్రం మోకాళ్ళు పట్టుకుని వంగి, ముందు లైటు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. అక్కడ ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడుతున్నాయి. అన్నీ ప్లాస్టిక్కువి. వాటిని కట్టిన పట్టీ కూడా ప్లాస్టిక్కుదే. ఏం చూస్తాండావత్తా అని అది నవ్వితే, ఏమీ లేదులే అని సర్దుకున్నాను కానీ, బండికి వేలాడే నిమ్మకాయను అనుమానంగా చూడటం నాకు నలభై ఏళ్ళ నాటి అలవాటు.

అప్పట్లో నేను పత్తికొండ దగ్గర ఒక పల్లెలో టీచరుని. మా ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నాలుగు ఊళ్ళు తిరిగి ఎద్దులకూ బర్రెలకూ సూదులు వేయాలి కాబట్టి ఒక మోటారుసైకిలు కొన్నారు. ఆయన స్వభావం గురించి ఒక మాట చెప్పుకోవాలి. పాలు పోసే ఆమె కొలిచినాక చెంబు ఊపి చూసే మనిషి, గడియారం ముందుకు నడిచినా ఎవరో తిప్పారనుకునే మనిషి. అత్తగారు ఆయనను మించినది. నేనూ తక్కువ తినలేదని మీకు తెలుస్తూనే ఉంది కదా. అనుమానం పెనుభూతం అంటారు, మా ఇంట్లో ఆ భూతం తిండికి ఏనాడూ మాడలేదు.

నా తమ్ముడు వేంపల్లెలో ఉండేవాడు. మిద్దెలకు ఇనుప కడ్డీలు కట్టే పని వాడిది. ఒకసారి పత్తికొండలో టమోటా మండీకి మిద్దె వేస్తుంటే ఆ పనికి వచ్చి మా ఇంట్లోనే దిగాడు. పనికి పోయి రావడానికి బావను బండి అడిగాడు. మా ఆయన ఒక పూట ఆలోచించి, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో పుల్ల పెట్టి చూసుకుని, అప్పుడు ఇచ్చారు. పని అయిపోయిన రోజు తమ్ముడు బండిని మెరిసేట్టు కడిగి, కుంకుమ పెట్టి, ముందు లైటు కింద నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టి, అక్కా పోయొస్తానని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతనే మొదలైంది. బండి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ప్రాణం పోయినట్టు ఆగిపోయేది. సీటు కింద పక్క డబ్బాలో ఫ్యూజు ఉంటుంది, చిన్న గాజు గొట్టంలో సన్నటి తీగ. కరెంటు ఎక్కువ పారితే తాను కాలిపోయి తక్కిన వైర్లను కాపాడుతుంది. అది కాలిపోయేది. కొత్తది వేస్తే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ కాలేది. జొన్నచేల మధ్య బండి తోసుకుంటూ ఆయన, వెనక బడి సంచి మోసుకుంటూ నేను, ఎన్నిసార్లు నడిచామో. పత్తికొండ మెకానిక్కు సాయిబు దగ్గరికి తీసుకుపోతే అతను పక్క డబ్బా తెరిచి, మెకానిక్కులందరూ అనే మొదటి మాటే అన్నాడు.

"ఎవురప్పా ఈ వైర్లు కెలికింది?"

మన వైపు ఏ మెకానిక్కయినా, డాక్టరయినా, చివరికి టైలరయినా తనకన్నా ముందు చెయ్యి పెట్టినవాణ్ణి ఆ మాట అనకుండా పని మొదలుపెట్టడు. అది వాళ్ళకు తుమ్ములాంటిది, వచ్చేస్తుంది. కానీ మా ఆయన దాన్ని కోర్టులో సాక్ష్యం లాగా పట్టుకుని ఇంటికి తెచ్చారు. కెలికారు అంటే ఎవరు కెలికారు? బండి ఎవరి చేతికి పోయింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన పేరు చెప్పకముందే నేను మా తమ్ముడు అలాంటివాడు కాదన్నాను. దాంతో ఆయన అనుమానం గట్టిపడింది. కంపెనీ వైర్లు విప్పి ఎవరికో అమ్ముకుని పాతవి బిగించాడని ఒక రోజు, తన దోస్తులకు బండి ఇచ్చి పాడుచేయించాడని ఇంకో రోజు. సాయిబు ఎన్నిసార్లు చూసినా సీటు కిందే చూశాడు, ఎందుకంటే కాలేది అక్కడ.

చివరికి విసిగిపోయి మా ఆయన ఆ కాలంలో మగవాళ్ళందరూ చేసే పని చేశారు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం ఫ్యూజుకు చుట్టేశారు. ఇక కాలితే ఒట్టు. ఫ్యూజు కాలలేదు కానీ, వైర్లు వేడెక్కడం మొదలుపెట్టాయి. దిగి సీటు మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది, ముక్కుకు ప్లాస్టిక్కు కమురు వాసన వచ్చేది. అంతకంటే వింత ఇంకొకటి జరిగింది. అమావాస్యకు మార్చే నిమ్మకాయ ఒక్క రోజుకే నల్లబడసాగింది. అత్తగారు తమ్ముడు కట్టిన తీగ విప్పకుండా దానికే కొత్త కాయ గుచ్చేది, మర్నాటికి అదీ మాడినట్టయ్యేది.

"ఒగ దినానికే ఇట్లయిందంటే ఎంత కన్ను పడి ఉండాదో సూడమ్మీ" అంది నాతో. ఎవరి కన్నో అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

అలాంటప్పుడే తమ్ముడికి కూతురు పుట్టింది. తొలిచూలు. ఊయలలో వేసే రోజు బిడ్డ చెవిలో పేరు చెప్పవలసింది మేనత్త. అంటే నేను. కబురు రాగానే మా ఆయన, ఆ గడప తొక్కనన్నారు. నువ్వు కావాలంటే బస్సులో పో, నేను మటుకు రాను, నా బండిని ముంచినవాడి ఇంట్లో చెయ్యి కడగను అన్నారు. మేనత్త ఒక్కతే వచ్చి నిలబడితే, ఆడబిడ్డ మొగుడు ఎందుకు రాలేదని నలుగురూ అడుగుతారు. ఒకసారి అలా తప్పిపోయిన రాకపోకలు మళ్ళీ కలవవని మా వాళ్ళలోనే ఎన్ని ఇళ్ళు చూడలేదు? పుట్టింటి దారి మూసుకుపోతుందన్న భయంతో నాకు అన్నం సయించలేదు.

ఊయల వేసే ముందు రోజు పొద్దున్నే నన్ను పత్తికొండ బస్టాండులో దింపడానికి మాత్రం ఒప్పుకున్నారు. ప్రయాణం కదా అని అత్తగారు తెల్లవారుజామునే తాజా నిమ్మకాయ గుచ్చింది. పత్తికొండ ఇంకా కనబడలేదు, బండి కింద నుంచి పొగ లేచింది. ఆయన బండి ఆపి, దూకి, పక్క డబ్బా తెరిచి మా తమ్ముణ్ణి తిడుతూ కూర్చున్నారు. ఆ తిట్లు వినలేక నేను బండి ముందు వైపుకు వెళ్ళి నిలబడ్డాను. అప్పుడు నాకు వంటింటి వాసన వచ్చింది. వేడి అన్నంలో నిమ్మరసం పిండితే వస్తుందే, ఆ వాసన. చూస్తే పొద్దున గుచ్చిన పచ్చి కాయ, తీగ దూరిన చోట చుట్టూ గోధుమ రంగుకు తిరిగి, చిన్నగా బుస్సుమంటోంది. వేలు పెడితే తీగ కాలింది.

"ఏమండీ, ఇది దిష్టి కాదు. నిమ్మకాయ ఉడుకుతాంది" అన్నాను.

ఆయన లేచి వచ్చారు. ఆ తీగ దారం కాదు, కడ్డీలు కట్టే ఇనుప తీగ. లైటు వెనక బోల్టుకు చుట్టి బిగించి ఉంది. దాని మెలిక కొస, హ్యాండిలు తిప్పినప్పుడల్లా పక్కన పోయే వైర్లకు రాసుకుని రాసుకుని పైతొక్క ఒలిచేసింది. లోపలి రాగి మెరుస్తోంది. ఆయన తాళం తిప్పి హ్యాండిలు వంచితే అక్కడ చిటుక్కుమని నిప్పు రాలింది. ఫ్యూజును కాల్చింది అదే, కాయను ఉడికించిందీ అదే. దిష్టికి విరుగుడని మేము కాయ మార్చినప్పుడల్లా ఆ తీగను ఇంకా ఇంకా కదిలించాం.

"నేను చెప్పలా? మీ తమ్ముడే" అన్నారు ఆయన.

ఇన్నాళ్ళూ ఆయనది ఉత్త అనుమానమని వాదించాను, తీరా చూస్తే నిజమే. ఇప్పుడేం చెప్పి నోరు మూయించను? ఆయన పటకారు తీసుకుని మెలిక విప్పబోయారు. రాలేదు. మిద్దె బరువు మోసే కడ్డీకి ఎలా కడతారో మా తమ్ముడు ఆ నిమ్మకాయకు అలా కట్టాడు, మెలిక మీద మెలిక, కొస లోపలికి మడిచి. ఆయన చెమటలు తుడుచుకుంటూ చాలాసేపు గుంజారు. గుంజుతూ గుంజుతూ తిట్లు ఆగిపోయాయి. కాసేపటికి, నాతో కాదు, తీగతోనే అన్నట్టు అన్నారు.

"చెడిపోవల్లని కట్టేటోడు ఇంత గట్టిగా కట్టడు."

తీగ తుంచి పారేసి, నా చీర చెంగు చించి ఆ వైర్లకు చుట్టి, మెల్లగా పత్తికొండ చేరాక సాయిబు చేత టేపు వేయించి, వెండి కాగితం తీసి అసలైన ఫ్యూజు పెట్టించారు. నేను సంచి పట్టుకుని బస్టాండు వైపు తిరిగాను. యాడికి పోతాండావు, ఎక్కు అన్నారు. గుత్తి, తాడిపత్రి మీదుగా పొద్దు వాలేసరికి ఆ బండి మీదే వేంపల్లె చేరాం. తోవలో ఒక్కచోట కూడా ఆగిపోలేదు.

తమ్ముడు ఎదురొచ్చి, కాళ్ళకు నీళ్ళు ఇవ్వకముందే బండి ముందు వంగి చూశాడు. నేను కట్టిన నిమ్మకాయ యాడ బావా అన్నాడు. మా ఆయన అటూ ఇటూ చూసి, ఊడిపోయింది అన్నారు. నిజం చెప్పి నొప్పించలేక ఆయన ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. నేను కట్టింది ఊడదే అని తమ్ముడు గొణిగాడు. ఎవరో విప్పేశారనీ, బహుశా మా అత్తగారేననీ వాడి అనుమానం. పోయేదాకా పోలేదు వాడికది. మర్నాడు నేను ఊయల మీదికి వంగి పేరు చెబితే ఆ పిల్ల నా ముక్కు పట్టుకుంది. ఇప్పుడు స్కూటరు మీద వచ్చింది ఆ పిల్లే. వాళ్ళ నాయన పోయి నాలుగేళ్ళు.

దీని బండికి ఫ్యూజు ఎక్కడుందో దీనికి తెలియదు. అంతా సీలు వేసి ఉంటుందట, ముట్టుకోకూడదట, పాడైతే కంపెనీ వాళ్ళే చూస్తారట. మంచిదే. కానీ దీన్ని ఎవరూ ఒక వారం ఇమ్మని అడగరు, ఎవరి వాకిట్లో బండి వాళ్ళకుంది. ఇచ్చిపుచ్చుకోవడాలు పోయాక అనుమానాలూ పోయాయి. అనుమానించి, అలిగి, మళ్ళీ ఎక్కు అని బండి తిప్పే మనుషులూ పోయారు. ఆ అనుమానాల మీద నాకింత బెంగ పుడుతుందని అప్పుడెవరైనా చెబితే నవ్వి ఉండేదాన్ని.

అది బయలుదేరబోతుంటే మా ఆయన కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చి, ఎప్పటిలాగే బండి చుట్టూ ఒకసారి అనుమానంగా తిరిగి, ఆ ప్లాస్టిక్కు నిమ్మకాయను పట్టుకుని చిన్నగా లాగారు. పట్టీ తెగి అది ఆయన చేతిలోకి వచ్చేసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మేనకోడలితో అన్నారు.

"మీ నాయన కట్టింటే ఊడేది కాదమ్మా."